మూడో పాటలో ఆవిడ

నవంబరు 3, శుక్రవారం

వచ్చేసింది. పొద్దున నా స్నేహితుడు బొంగురు కంప్యూటర్లో ఒక మీట నొక్కాడు, మూడేళ్ళ నా చాకిరీ లోకంలోకి వెళ్ళిపోయింది. బాజాలేవీ మోగలేదు. వాడి పాత రికార్డుల కొట్టులో నిలబడి చెరో టీ తాగాం, అంతే. వాడికి ఆ పేరు గొంతువల్ల వచ్చింది. గొంతు ఎంత గరుకో మనిషి అంత మెత్తన. ఆల్బంలో బేస్ గిటారు వాయించింది వాడే, విడుదల చేసిన కంపెనీ కూడా వాడే. కంపెనీ అంటే ఆ కొట్టు, వాడు, తిరగని ఒక ఫ్యాను.

"మూసిన కిటికీలు". ఎనిమిది పాటలు. అన్నీ ముక్కలు కుట్టినవే. అరిగిపోయిన రికార్డులోంచి రెండు క్షణాల వయొలిన్, ఎవరో పారేసిన క్యాసెట్టులోంచి ఒక దగ్గు, ఒక తలుపు చప్పుడు, వాటి కింద నత్తనడక నడిచే డ్రమ్ము. దీన్ని ట్రిప్-హాప్ అంటారని నాన్నకి చెబితే, "ట్రిప్పు సరే, తిరిగి ఎప్పుడొస్తావ్?" అన్నారు. ఆయన ఎప్పుడూ అలాగే అంటారు. అందరూ నవ్వుతారు.

మధ్యాహ్నానికి మొదటి అభిప్రాయం వచ్చింది. "ఫోను పాడైపోయిందనుకుని ఆపి మళ్ళీ పెట్టాను." ఫోను బాగానే ఉంది నాయనా. నీ తొందరే పాడైంది.

రెండోది: "కరెంటు పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంది." ఇది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక పొగడ్తల్లో వేసుకున్నాను.

నవంబరు 4, శనివారం

విన్నవాళ్ళ సంఖ్య పెరిగింది. అందులో సగం నేనే అయ్యుంటాను.

నవంబరు 7, మంగళవారం

పేపర్లో ఎవరో ఒకాయన ఆల్బం మీద రాశాడు. "నిద్రమాత్రకి ప్రత్యామ్నాయం. దిగులంటే లోతనుకునే వయసు ఈ సంగీతకారిణిది." నా వయసు ముప్ఫై నాలుగు. ఆయన ఫొటో చూశాను, గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు.

నాకు కోపం రాలేదు. ఎందుకు వస్తుంది? రోజంతా చెవుల ఆస్పత్రిలో, చప్పుడు చొరబడని గాజు గదిలో జనాన్ని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి బీప్‌లు పంపి, ఎవరికి ఏది వినబడుతోందో ఏది వినబడటం లేదో రాసుకునే మనిషిని నేను. వినబడనివాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే ఈ ఉద్యోగం ఒక్క పూట కూడా చెయ్యలేను. ఆయనకి కింది స్వరాలు అందడం లేదు, పాపం. పరీక్షకి రమ్మని రాద్దామనుకున్నాను.

రాసి, చెరిపేశాను. మళ్ళీ రాశాను. బొంగురు ఫోను లాక్కున్నాడు.

నవంబరు 9, గురువారం

మూడో పాట పట్టుకుంది!

ఎందుకో ఎలాగో తెలియదు. ఎవరో రాత్రి డ్యూటీ నర్సు పెట్టిందట, ఆమెనుంచి ఇంకొకరు, అలా పాకింది. పొద్దున లేచేసరికి ఫోను వేడెక్కి ఉంది. అందరూ అడిగేది ఒకటే. "మూడో పాటలో ఏడ్చే ఆవిడ ఎవరు?"

లారీ తోలే ఆయన: "బండి పక్కకి ఆపేశాను. మా అక్క గుర్తొచ్చింది."

ఒకమ్మాయి: "ఈ ఏడుపు నేను విన్నాను. గోడ అవతలనుంచి."

ఇంకొకాయన: "ఏడుపుని అమ్ముకోవడానికి సిగ్గులేదా? ఆవిడ అనుమతి తీసుకున్నారా?"

ఒరే పిచ్చివాళ్ళారా. అది ఏడుపు కాదు, నవ్వు. మా అమ్మ నవ్వు. నవ్వుని సగం వేగానికి దించండి, ఏడుపులా వినిపిస్తుంది. రెండింటికీ పొట్ట ఒకలాగే ఎగురుతుంది, ఊపిరి ఒకలాగే తెగుతుంది. ఇది నా గొప్పతనమేమీ కాదు, టేపు తిప్పిన ప్రతివాడికీ తెలిసిన ముచ్చటే. కానీ ఏ నవ్వు ఎక్కడ కొయ్యాలో, దాని కింద డ్రమ్ముని ఎంత ఆలస్యంగా కొట్టాలో, అది మాత్రం నా గొప్పతనమే. ఇది నా డైరీ కాబట్టి రాసుకుంటున్నాను.

నవంబరు 10, శుక్రవారం

పిన్ని ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు.

"అక్కని ఏం చేశార్రా మీరంతా కలిసి?"

"ఏం చేశాం పిన్నీ?"

"నాకు చెప్పకు. మా అమ్మాయి పాట వినిపించింది. ఆ చివర్లో ఎక్కిలి ఉంది చూడు, అది అక్కదే. చిన్నప్పటినుంచీ దానికి చివర్లో అలా ఎక్కిలి వస్తుంది. ఎందుకేడ్చింది? ఎప్పుడేడ్చింది? మీ నాన్న ఏమన్నాడు?"

"అది నవ్వు పిన్నీ."

"నాకు మా అక్క నవ్వు తెలీదా?"

అరగంట వాదించాను. నవ్వేనని ఒప్పుకోలేదు. పైగా తనే ఏడ్చి ఫోను పెట్టేసింది.

నవంబరు 12, ఆదివారం

ఇంటికి భోజనానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. కాదు, వెళ్ళడమే మంచిదైంది. ముఖం చాటేసిందని అనరు కదా.

పిన్ని నాన్నకి కూడా ఫోన్ చేసిందట. నాన్న స్నేహితుల్లో ఒకాయన కూడా విన్నాడట. పొద్దున నడకలో, "ఏమయ్యా, ఇంట్లో అంత ఏడిపించేస్తున్నావా?" అన్నాడట. మామూలుగా అలాంటి మాటలు ఇతరుల మీద విసిరేది నాన్న. తన మీద పడేసరికి తిరిగి విసరడానికి ఏమీ దొరకలేదు కాబోలు.

కంచం ముందు కూర్చోకముందే మొదలుపెట్టారు. "ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. చెయ్యెత్తానా? నోరు జారానా? ఈ రోజు ఊళ్ళోవాళ్ళు నన్ను అదోలా చూస్తున్నారు."

"అది నవ్వు నాన్నా. మీ ప్రమోషన్ పార్టీ నాటి టేపులోది. కొత్త టేపురికార్డరు కొన్నారు కదా, ఆ రోజుది."

"నవ్వైతే నవ్వులా ఉండాలిగా!"

అన్నయ్య అందుకున్నాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు, జరగని ప్రమాదాల గురించి మాట్లాడటం వాడికి అలవాటు. "రేపు నా పైఆఫీసరు వింటాడు. ఎల్లుండి పిల్లల స్కూల్లో వింటారు. ఒక్క పాట తీసేస్తే నీ సొమ్మేం పోయింది? ఇంకా ఏడున్నాయి కదా."

"నీకిద్దరు పిల్లలున్నారు కదా, ఒకర్ని ఇచ్చెయ్, ఇంకొకరుంటారు."

వదిన పళ్ళెం పెట్టిన చప్పుడు వంటింట్లోంచి గట్టిగా వినిపించింది. అది అనకుండా ఉండాల్సింది.

నాన్న లేచి నిలబడ్డారు. "ఆ పాట ఉన్నన్నాళ్ళు నువ్వీ గడప తొక్కకు."

ఆయన జోక్ చేస్తున్నారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు.

ఇంత జరుగుతుంటే అమ్మ కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని ఎవరివో పరదాలు కుడుతోంది. చక్రం ఆపలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే మాత్రం తలెత్తి చూసింది. ఏదో అడగబోయిందనుకున్నాను. దారం తెంపుకోవడానికి తల వంచింది.

తియ్యను. ఆ పాట తియ్యను గాక తియ్యను. ఆ ఒక్కటే నేను ఇంతవరకూ సరిగ్గా చేసిన పని.

నవంబరు 13, సోమవారం

ఋజువు కావాలి వీళ్ళకి. ఋజువే ఇస్తాను. వేగం తగ్గించకుండా, డ్రమ్ము లేకుండా, అమ్మ నవ్వుని ఉన్నదున్నట్టు పెట్టేస్తాను. పిన్నీ, నాన్నా, గడ్డం రాని పేపరాయనా, అందరూ వినండి. నోళ్ళు మూతబడతాయి.

పెట్టేశాను. కింద ఇలా రాశాను: "మీరు ఏడుపనుకున్నది ఇదీ. హాయిగా నవ్వుతున్న ఒక ఇల్లాలు. ఇక కన్నీళ్ళు తుడుచుకోండి."

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

నవంబరు 14, మంగళవారం

అక్షరాలు ఎలా పడితే అలా పడుతున్నాయి.

పొద్దున ఫోను తెరిచాను. మొదటి వ్యాఖ్య: "నవ్వే. విన్నాం. ఎందుకు నవ్విందో కూడా విన్నాం."

అర్థం కాలేదు. రెండోది చూశాను. "మా ఇంట్లోనూ ఒక కిటికీల ఆయన ఉన్నాడు." మూడోది: "ఆల్బం పేరు ఎక్కడనుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది."

అప్పుడు నేను పెట్టింది నేనే విన్నాను. జరిగింది ఇదీ. పాటలు కట్టే నా మెషీన్లో ప్రతి ముక్కకీ మొదలయ్యే చోట ఒక గుర్తు పెడతాను. ఎన్నిసార్లు నొక్కినా ఆ గుర్తు నుంచే మోగుతుంది. దానికి ముందున్నది ఎక్కడికీ పోదు, ఫైల్లోనే పడి ఉంటుంది, నాకు మాత్రం వినిపించదు. నిన్న నేను పంపింది ఫైలు. మొత్తం ఫైలు. ముందు కొయ్యాలని తోచలేదు, ఎందుకంటే నా లెక్కలో అక్కడ ఏమీ లేదు.

అక్కడ నాన్న ఉన్నారు.

అమ్మ పాడుతోంది. ఎవరో అడిగినట్టున్నారు, పాట సగానికి వచ్చింది. అప్పుడు నాన్న గొంతు, కొత్త టేపురికార్డరు పక్కనే కూర్చున్నారు కాబట్టి స్పష్టంగా: "పాట బ్రహ్మాండం! కాస్త ఆ కిటికీలు వేసెయ్యండి, పక్కింట్లో పసిపిల్లలున్నారు, దడుచుకుంటారు!" ఇల్లంతా గొల్లుమంది. పాట ఆగిపోయింది. తర్వాత అమ్మ నవ్వు.

గుర్తుని ఆ నవ్వు దగ్గర పెట్టింది నేనే. మూడేళ్ళ కిందట, చెవితో విని, జాగ్రత్తగా, నాన్న మాట అయిపోయాక.

ఆల్బం పేరు మాత్రం దాంట్లోంచి రాలేదు. ఆస్పత్రిలో పరీక్ష గది చూసి పెట్టాను ఆ పేరు. ఆ గదికి కిటికీల్లేవు, అయినా ఆ గది చూసే పెట్టాను.

నవంబరు 14, సాయంత్రం

తీసేశాను. అప్పటికే జనం దాన్ని కోసుకుని పట్టుకుపోయారు. కోసుకుపోవడం నా వృత్తి కదా, ఎవర్ననను?

నవంబరు 15, బుధవారం

ఎవరో నాన్న మాటకి డ్రమ్ము కట్టారు. బాగానే కట్టారు, దరిద్రులు.

నవంబరు 18, శనివారం

అన్నయ్య ఆస్పత్రికొచ్చాడు. గాజు గదిలో ఒక పెద్దావిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది, నేను బీప్‌లు పంపుతున్నాను, వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గొంతు పెంచితే డాక్టరు గదిలోకి వినబడుతుంది కాబట్టి గుసగుసగా పోట్లాడుకున్నాం. గుసగుసగా పోట్లాడటం ఎంత కష్టమో నాకు ఇప్పుడే తెలిసింది.

"నాన్న నడకకి వెళ్ళడం మానేశారు. కూరల కొట్టువాడు 'కిటికీలు వెయ్యమంటారా' అన్నాట్ట. నీకు సంతోషమేనా?"

"కొట్టువాడితో నేననిపించానా?"

"ఆయన ఏదో సరదాకి అన్న మాట! మొన్నటిదాకా నీకు కూడా సరదాగానే ఉండేది. నువ్వే నవ్వేదానివి ఆయన జోకులకి, అందరికంటే గట్టిగా."

నేను ఇంకో బీప్ మీట నొక్కాను.

"రేపటికల్లా ఆ పాట తీసెయ్. లేకపోతే నాకు చెల్లెల్లేదు."

"పాటైతే ఉంటుంది. చెల్లెలి సంగతి నువ్వు చూసుకో."

వెళ్ళిపోయాడు. పెద్దావిడ చెవిలో బీప్ మోగుతూనే ఉంది, పాపం, ఆపడం మర్చిపోయాను.

ఏడవలేదు నేను. కళ్ళు మండాయి, అంతే.

నవంబరు 19, ఆదివారం

మొదటి ఆదివారం, ఇంటికి వెళ్ళకుండా. ఇల్లు ఊడ్చాను. మళ్ళీ ఊడ్చాను.

నవంబరు 21, మంగళవారం

బొంగురు కొట్టుకి వెళ్ళాను. ఎవరో కొనుక్కుంటామని ముందుకొచ్చారట, ఆల్బంని నల్లటి రికార్డుగా అచ్చు వేయిద్దామంటున్నాడు. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. వెయ్యలేదు.

"మూడో పాట ఉంటుందా?" అన్నాడు.

"ఉండకేం?"

"మీ అమ్మగారేమంటున్నారు?"

"పాట తియ్యమని అన్నయ్య అంటున్నాడు. నాన్న గడప తొక్కొద్దన్నారు."

"అమ్మగారేమంటున్నారని కదా అడిగాను."

రికార్డుల దుమ్ము తుడుస్తూ అడిగాడు, నా వంక చూడకుండా. వాడి గొంతుకి ఏ మాటైనా తిట్టులాగే వినిపిస్తుంది. "పనుంది" అని వచ్చేశాను.

నవంబరు 22, బుధవారం

అమ్మని అడగడానికేముంది? ఇదంతా అమ్మకోసమే కదా. అమ్మ నవ్వుని ఎవరూ పట్టించుకోలేదు, నేను పట్టించుకున్నాను. అమ్మ పాట ఆగిపోయింది, నేను పాటలో పెట్టాను. ఇందులో అడిగేదేముంది?

నవంబరు 23, గురువారం

అడగడానికేముంది అసలు.

నవంబరు 24, శుక్రవారం

మొత్తం రాయాలి ఇవాళ. ఒక్క మాట కూడా పోకూడదు.

పదకొండు గంటలప్పుడు, తర్వాతి మనిషిని పంపమన్నాను. తలుపు తీసుకుని అమ్మ వచ్చింది. చేతిలో చీటీ. కింద కౌంటర్లో వరసలో నిలబడి, డబ్బు కట్టి, చీటీ తీసుకుని వచ్చింది.

"ఇదేంటమ్మా? చెవులకేమైంది?"

"ఏమీ కాలేదు. నీ దగ్గరికి రావాలంటే చీటీ ఉండాలన్నారు."

"నేను నీ కూతుర్నని చెప్పొచ్చు కదా."

"చెప్తే పనిమధ్యలో పలకరించడానికొచ్చానని బయట కూర్చోబెడతారు. చీటీ ఉంటే నా వంతు నాది." కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "ఊరంతా విన్నారట. నాకు ఎవరూ వినిపించలేదు. మీ నాన్న ఇంట్లో పెట్టనివ్వడు, మీ అన్నయ్య నాకెందుకంటాడు. వినిపించు."

గాజు గదిలో కూర్చోబెట్టాను. మంచి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి నేనే తగిలించాను, జుట్టు చిక్కుకోకుండా. తలుపు వేసి, అద్దం ఇవతల నా బల్ల దగ్గర కూర్చుని మూడో పాట పెట్టాను. ఆల్బం వచ్చిన దగ్గరనుంచీ ఇంతమంది ఇన్ని మాటలన్నారు, నాకు ఒక్కసారి కూడా ఇంత భయం వెయ్యలేదు. అమ్మ కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా గోడవంక చూస్తూ, బట్ట కొలతలు చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా విన్నది.

పాట అయిపోయింది. ఇంకోసారి పెట్టమన్నట్టు వేలు తిప్పింది. పెట్టాను.

బయటికొచ్చి మొదట అన్న మాట: "వెనకాల ఆ వాన చప్పుడేంటి?"

"వాన కాదమ్మా. పాత రికార్డు మీద గీతలుంటాయి కదా, ఆ చప్పుడు."

"శుభ్రం చెయ్యొచ్చు కదా?"

"కావాలని ఉంచాను."

"సరే, నీ ఇష్టం. డప్పు బాగుంది. తొందరలేకుండా ఉంది." కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "గొంతు బాగుంది నాది."

చివరికి అడిగాను. ఈ రెండు వారాలూ ఊరంతా కొట్టుకు చస్తున్న మాట అడిగాను. "అమ్మా, ఆ రోజు నువ్వు నిజంగా నవ్వావా?"

"నవ్వకపోతే అందరూ నా ముఖం చూసేవాళ్ళు. నవ్వేస్తే ఇంక చూడరు. అందుకని నవ్వాను."

"అంటే ఏడుపే కదా."

"ఆ రోజు ముప్ఫైమందికి వడ్డించాలి నేను. ఏడుపో నవ్వో చూసుకునే తీరికెక్కడిది?" అంది విసుగ్గా. "మీరంతా తీరిగ్గా తేల్చుకోండి."

నాన్నని తిడుతుందేమో అని చూశాను. తిట్టలేదు. నేను మొదలుపెట్టాను, ఆయన ఎంత మాటన్నారో, జీవితమంతా ఎలా అందరి ముందూ...

"ఆయన సంగతి నాకు తెలుసు. నీ సంగతి చెప్పు. నా గొంతు పెట్టుకున్నావు, నన్నడిగావా?"

"నువ్వేమైనా అంటావేమోనని..."

"అడిగితే కదా ఏమంటానో తెలిసేది. అందరి ముందూ నా పాట ఆపెయ్యడానికి ఆయన నన్నడగలేదు. నా నవ్వు పట్టుకెళ్ళి ఊరంతటికీ వినిపించడానికి నువ్వూ నన్నడగలేదు. పాట తీసెయ్యమని మీ అన్నయ్య నీతో పోట్లాడటానికి వాడూ నన్నడగలేదు."

సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఎవడు ఏమన్నా ఒంటికాలి మీద లేచిన నేను, ఆ కుర్చీలోంచి కదల్లేకపోయాను. ఇంత గట్టిగా పోట్లాడింది అమ్మకోసం అనుకున్నాను. నాకోసమే.

"రికార్డుగా కూడా అచ్చు వేస్తున్నాం. తీసెయ్యనా?" అన్నాను.

నిజంగానే అడిగాను. తియ్యమంటే తీసేసేదాన్ని. చచ్చినట్టు తీసేసేదాన్ని.

"అట్ట మీద పేర్లు ఉంటాయా?"

"ఉంటాయి."

"ఎవరెవరివి?"

చెప్పాను. నా పేరు. గిటారుకి బొంగురు అసలు పేరు. బొమ్మ గీసినవాడి పేరు. అచ్చువేసిన చోటు.

"ఆ నవ్వుకి?"

"...ఇంట్లో దొరికిన పాత టేపు, అని రాశాం."

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. కొట్టినా అంత నొప్పిపుట్టేది కాదు.

"టేపు నవ్విందా?" అంది.

తర్వాత సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది, నా బల్లమీద ఉన్న కాగితం లాక్కుంది, నా పెన్నుతోనే తన పేరు రాసింది. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. అక్షరాలు విడివిడిగా, పొందిగ్గా. నేను చదివాను. ఇంటిపేరు మాది కాదు. అమ్మ పుట్టింటిది. పెళ్ళయ్యాక బడి కాగితాల్లో తప్ప ఇంకెక్కడా కనబడని పేరు.

"ఈ పేరుతోనేనా?"

"పాడటం నేర్చుకున్నది ఈ పేరుతో. ఇంకో సంగతి. నా పాటా, మీ నాన్న మాటా కోసేశావు కదా. అవి కూడా పెట్టు. ఉత్త నవ్వొక్కటే పెడితే ఎవడికి తోచింది వాడు అనుకుంటున్నాడు. నేను పాడుతున్నానని తెలియాలి. ఎందుకాపానో తెలియాలి."

"నాన్న ఊరుకోరమ్మా."

"ఊరుకోకపోతే అరుస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన జోకులు విన్నాను, కాస్త అరుపు కూడా వింటాను." లేచింది. "ఆదివారం భోజనానికి రా. గడప తొక్కొద్దన్నాడట కదా? ఆ గడప నేను కూడా కడిగేదే. రా."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నా వెనక ఉన్న బోర్డు చదువుతున్నట్టు నిలబడి, "ఇంతకీ నా చెవులు బాగున్నట్టేనా? డబ్బు కట్టాను మరి" అంది.

పరీక్ష చేశాను. ఆ వయసుకి అంత బాగా వినబడేవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను. అన్నీ వింటూనే ఉంది ఇన్నాళ్ళూ.

నవంబరు 26, ఆదివారం

వెళ్ళాను. నాన్న పేపరు వెనకాల ఉన్నారు, భోజనం కూడా పేపరు వెనకాలే చేశారు. అన్నయ్య వాళ్ళు రాలేదు. అమ్మ నా కంచంలో రెండోసారి వడ్డించింది. చివరిదాకా కూర్చున్నాను.

డిసెంబరు 5, మంగళవారం

మూడో పాట మళ్ళీ కట్టాను. మొదట అమ్మ పాట, అసలు వేగంలో. దాని మీద నాన్న మాట. గది నవ్వు. అప్పుడు డ్రమ్ము. అప్పుడు నెమ్మదించిన అమ్మ.

పాతదే బాగుందని బొంగురు అన్నాడు. "దిగులు తగ్గింది" అన్నాడు.

"తగ్గితే తగ్గనీ."

మళ్ళీ పెట్టుకుని విన్నాడు. తల గోక్కుంటూ, "కోపం పెరిగిందిలే" అన్నాడు.

డిసెంబరు 20, బుధవారం

కొత్త పాట మీద అభిప్రాయాలు. "పాతదాన్ని పాడుచేసింది." "ఇప్పుడు వినలేకపోతున్నాను, మా నాన్న పక్కగదిలో ఉన్నాడు." "ఆవిడ ఇంకా పాడతారా? మొత్తం పాట ఎక్కడ దొరుకుతుంది?" గడ్డం రాని పేపరాయన మళ్ళీ రాశాడు, ఈసారి పొడుగ్గా, పొగుడుతూ. పొగిడినా వాడికి కింది స్వరాలు అందవు, నాకు తెలుసు.

లారీ ఆయన: "ఈసారి బండి ఆపలేదు. ఇంకా గట్టిగా తోలాను."

జనవరి 14, ఆదివారం

నాన్న ఇవాళ పేపరు కొంచెం దించారు. ఉప్పు అందుకోవడానికి.

ఫిబ్రవరి 10, శనివారం

రికార్డులొచ్చాయి. నిన్న బొంగురు ఒకటి ఇంటికి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టి వచ్చాడు.

ఇవాళ మధ్యాహ్నం ఫోను. నాన్న. నవంబరు తర్వాత మొదటిసారి. ఎత్తేముందు నిలబడ్డాను, ఎందుకో కూర్చుని ఎత్తాలనిపించలేదు.

"అట్ట మీద అచ్చుతప్పు పడింది" అన్నారు. హలో లేదు.

"ఎక్కడ నాన్నా?"

"మీ అమ్మ ఇంటిపేరు. వేరేది పడింది."

వెనకనుంచి మిషను చప్పుడు ఆగింది. "తప్పేం పడలేదు, నేనే రాసిచ్చాను" అంది అమ్మ, అక్కణ్ణించే.

అరుస్తారని ఎదురుచూశాను. నా మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి, మూడు నెలలుగా పోగేసుకున్నవి.

"నా మాట కూడా ఉందట కదా ఇందులో" అన్నారు చివరికి.

"ఉంది."

"మొత్తం ఉందా?"

"మొత్తం ఉంది నాన్నా. తియ్యను కూడా."

"తియ్యమనలేదు." గొంతు సవరించుకున్నారు. "గిటారు వాయించినవాడి పేరుంది. బొమ్మ గీసినవాడి పేరుంది. అచ్చు వేసిన ఊరుతో సహా ఉంది. నా పేరెక్కడా కనబడదేం?"

ఇన్నాళ్ళూ ఊరికి ముఖం చూపించలేకపోతున్నానన్న మనిషి. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చెయ్యకుండా ఫోను గట్టిగా పట్టుకున్నాను.

"మళ్ళీ అచ్చు వేసేటప్పుడు చూద్దాం" అన్నాను.

వెనకనుంచి అమ్మ: "ఏ ఇంటిపేరుతో వెయ్యాలో ఆయన్నే అడుగు."

అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నారు.